ఏది ఉంచుదాం, జానయ్యా?

వానకాలం వడ్ల సీజన్ సల్లబడ్డ మాపటేళ
మిల్లు షెడ్డు కింద రెండు బండ్లను పక్కపక్కన పెట్టిచ్చి
గోవర్ధనం సేటు అడిగిండు:
"ఒకటి తీసేద్దాం. ఏది ఉంచుదాం, జానయ్యా?"

రెండూ ఒక్క కంపెనీయే.
ముంగట అదే గుర్తు, అదే వెండి నవ్వు.
దూరంకెల్లి సూస్తే కవలలు.
దగ్గరికొస్తే జానెడు తేడా,
అది గూడ వెనక తలుపు కాడ.
ఆ జానెడు జాగకు ఎంత పడ్డదో
బిల్లు తెచ్చిన నాకు ఎరుక.
మా ఊర్ల రెండెకరాలొచ్చేది.

పెద్దది నల్లది.
మిర్యాలగూడ గాలిల ఊకకు కొదువా?
పొద్దున తుడిస్తే పదింటికల్లా పసుపు పూసుకుంటది.
బోరు నీళ్ళతోని కడిగితే
ఎండినంక ఒళ్ళంత తెల్లటి సుక్కలు.
సేటు నన్ను తిట్టి, ఫిల్టరు నీళ్ళు కట్టిచ్చిండు,
దినాం రెండు క్యాన్లు, బండి పేరు మీద.
ఆ సుక్కలు నాకు కొత్త గాదు.
మర్రిగూడల మా మేనత్త నవ్వితే కనబడ్తయి.
అవి ఏ గుడ్డకూ పోవు.

చిన్నది బూడిద రంగు.
ఊక పడ్డా ఓర్సుకుంటది.

పెద్దదాంట్ల కూసుంటే రోడ్డు తెల్వది.
దామరచర్ల తోవల గుంతలున్నయని
సేటుకు ఇయ్యాల్టికీ తెల్వదు.
చక్రం కింద పడ్తది,
ఆ వార్త నడుమల్నే యాడనో ఆగిపోతది.
చిన్నదాంట్ల ప్రతి రాయి
స్టీరింగు పట్టుకొని ఎక్కొచ్చి
నా ఏలికి తన పేరు సెప్పుకుంటది.

నిడమనూరు దిక్కు కాలువ కట్ట మలుపుల
పెద్దది ఆలోచన జేసి తిరుగుతది,
పంచాయితీల పెద్దమనిషి లేసినట్టు.
చిన్నది, నేననుకునే లోపల తిరిగి ఉంటది.
ఒకపారి సర్వీసింగు చేపిచ్చి ఒక్కన్నే వస్తున్న,
చిట్యాల దాటినంక తెల్లారుజాము,
రోడ్డు మీద ఇంకో లైటు లేదు.
ఇరవై ఏండ్ల సంది డ్రైవర్నని మర్సిపోయి
బండి నడిపిన.

పెద్దదాని వెనక సీటు గూడ ఎరుకే.
నార్కట్‌పల్లి హోటలు కాడ వాన.
సేటు వాళ్ళు లోపల బువ్వ తింటుండ్రు.
అద్దం తుడిసే వంకన ఎక్కి కూసున్న.
ఒక మీట నొక్కితే పిక్కల కిందికి పీట లేసింది,
ఇంకోటి నొక్కితే నడుము పిసికింది.
సుకమే. అబద్దమెందుకు?
తలెత్తి సూస్తే ముంగట నా సీటు, ఖాళీగ.
తల ఆనే కాడ కొబ్బరినూనె మరక.
ఆరేండ్ల సంది సేటుకు కనబడ్డ జానయ్య
గింతేనా అనిపిచ్చింది.
దిగి, నేను కూసున్న గుంత పోయేదాక
సీటును అరచేత్తోని రాసిన.

"మాట్లాడవేందయ్యా?" అన్నడు సేటు.
చిన్నదాని తలుపు తీసి, కూసోకుంటనే
స్టీరింగు మీద చెయ్యేసి సూసిండు.
"ఇదైతే నాకే తోలబుద్ధయితది. మనిషి అక్కెర లేదు."
నవ్వుకుంటనే అన్నడు.
ఆయన మనసుల ఏం లేదు గావచ్చు.

పోయిన నెల బిడ్డ పాలిటెక్నిక్ ఫీజు
సగమే కట్టిన.

"పెద్దదే ఉంచుండ్రి సేటు.
మీకు మోకాళ్ళ నొప్పులు, కాళ్ళు సాపుకోవచ్చు.
బ్యాంకోళ్ళ కాడికి పోయినప్పుడు ఇజ్జతుంటది.
చిన్నదాని సీటు మరీ కిందికి, దిగుడు కష్టం."
అన్నీ నిజాలే.
నిజాలతోని గింత పెద్ద అబద్దం కట్టొచ్చని
ఆ పొద్దు తెలిసింది.

నాలుగొద్దులకు కోదాడకెల్లి ఒక పిల్లగాడొచ్చి
పైసలు లెక్కబెట్టి తాళం తీసుకుండు.
"ఎట్ల నడుస్తది కాకా?"
"నడిపితే నీకే సెప్తది."
గేటు కాడ చిన్నది ఎడమకు మళ్ళింది.
వాడింకా అనుకోనే లేదు.

మరునాడు పొద్దున రెండు క్యాన్లొచ్చినయి.
మూత తీసి,
ముందుగాల ఒక గిలాస నేను తాగిన.
మిగిలినవి పెద్దదానికి పోసిన.